చూసినవాళ్లం

‘కంచె’ సినిమాను నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి 2015 దసరా సెలవుల్లో, ఎమ్మిగనూరులో, సెకండ్ షో. రెండోసారి ఆరేళ్లకు, కోడుమూరులో ఒక మగ్గమాయన ఇంట్లో, గోడమేకుకు తగిలించిన చిన్న టీవీలో, మిట్టమధ్యాహ్నం. మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చాను. రెండోసారి కంట్లో తడి లేదు, గొంతు ఎండిపోయింది. ఆ రెండు చూపులకూ నడుమ ఉన్నది రాయాలని నాలుగేళ్లుగా కూర్చుంటున్నాను, లేస్తున్నాను. నా ఒక్కడి సంగతే అయితే డైరీలో రాసుకుని ఊరుకునేవాణ్ని. ఇది మా సంగతి. పడమటి కర్నూలు పల్లెల్లో నాలుగక్షరాలు నేర్చి, నెల జీతం తెచ్చుకుంటూ, పదిమంది చేత ‘సారూ’ అనిపించుకుంటూ బతుకుతున్న మా అందరి సంగతి.

ఆ దసరాకు నలుగురం పోయాం. ముగ్గురం టీచర్లం, ఒకాయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. సినిమా తీసింది క్రిష్. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యం తరఫున జర్మన్లతో పోరాడిన తెలుగువాడి కథ అంటే మాకు కొత్తగా అనిపించింది. వరుణ్ తేజ్ వేసిన ధూపాటి హరిబాబు తుపాకీ గుళ్ల మధ్య ఉంటాడు. అతని మనసేమో దేవరకొండ అనే పల్లెలో ఉంటుంది. ఆ ఊరి నడిమధ్యన కులం పేరు చెప్పి వేసిన కంచె, కంచెకు అవతల సీత. దేశం కాని దేశంలో, ఎవరిదో యుద్ధంలో, ఎవరివో ప్రాణాలు నిలబెట్టి తన ప్రాణం వదులుతాడు. హాల్లో లైట్లు వేసినప్పుడు నా చేతిరుమాలు పిండితే నీళ్లొచ్చేట్టుంది. పోస్టాఫీసాయన పంచె కొంగుతో మొహం తుడుచుకున్నాడు.

బస్సులు లేవు. ఒంటిగంట దాకా బస్టాండు ముందరి టీ బంకు దగ్గర కూర్చున్నాం. నేను సోషల్ టీచర్ని కాబట్టి లెక్కలు చెప్పాను. ఆ యుద్ధంలో మన దేశం నుంచి 25 లక్షల మంది సైన్యంలో చేరారనీ, 87 వేల మంది దాకా తిరిగి రాలేదనీ, ఇటలీలో కాసినో దగ్గరి యుద్ధ శ్మశానంలో మన సిపాయిల సమాధులు ఇప్పటికీ ఉన్నాయనీ చెప్పాను. యుద్ధం మీద, కులం మీద, మనిషిలోని మృగం మీద చాలా మాట్లాడుకున్నాం. ఏటా దసరా రాత్రి దేవరగట్టులో మాలమల్లేశ్వరుడి విగ్రహం కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలతో తలపడి తలలు పగలగొట్టుకోవడం మీద కూడా మాట్లాడుకున్నాం. పోస్టాఫీసాయన ఉన్నట్టుండి, “ఆడ పోయినోళ్ల పేర్లు గూడా మనకు తెలీవు గదప్పా” అన్నాడు. ఆ మాటతో ముగ్గురం గ్లాసుల్లోకి చూసుకుంటూ ఉండిపోయాం.

మాలో ముగ్గురం ఒకే హత్య కేసులో సాక్షులం. ముగ్గురమూ కోర్టు బోనెక్కి ‘చూడలేదు’ అని చెప్పినవాళ్లం. పోయిన మనిషి పేరు ముగ్గురికీ బాగా తెలుసు.

ఊరి పేరు రాయను. అప్పటి రెండు వర్గాల ఇళ్లలోని పిల్లలు ఇప్పుడు ఒకే బస్సులో కాలేజీకి పోతున్నారు. ఆ బస్సు అలాగే తిరగాలి. కోడుమూరు నుంచి మట్టిరోడ్డున పోయే పల్లె, ఏడో తరగతి దాకా బడి, బడి ముందర వేపచెట్టు. అంతవరకే చెబుతాను.

1998 జూలై. రెండు వానలు పడి నల్లరేగళ్లలో విత్తనం పడుతున్న రోజులు. చిన్న బెల్లు కొట్టి పిల్లలు మళ్లీ తరగతిలోకి వచ్చారు. చనిపోయినాయన ఎవరికీ నాయకుడు కాడు. ఒక వర్గం పెద్దమనిషి ఇంట్లో ఏడాది జీతానికి ఎద్దులు తోలేవాడు. ఆ ఇంటి అన్నం తిన్నాడు కాబట్టి ఆ ఇంటి మనిషి. ఫ్యాక్షన్‌లో లెక్క అంతే. పెద్దమనిషి చుట్టూ పదిమంది ఉంటారు, ఆయన్ను కొట్టడం కష్టం. ఆయన బలం తగ్గించాలంటే ఒంటరిగా దొరికే జీతగాణ్ని కొట్టాలి. అవతలివాళ్లకూ జీతగాళ్లుంటారు, బదులు వాళ్లు పోతారు. మా వైపు ఏళ్ల తరబడి జరిగింది ఇదే. పెద్దవాళ్లు పెద్దవాళ్లను చంపుకున్నది పేపర్లో పడేది. జీతగాళ్లది జిల్లా పేజీలో మూడు లైన్లు.

ఆ పొద్దున ఆయన కొడుకు తినకుండా బడికొచ్చాడట. వాడు రెండో తరగతి. వాడికిచ్చి పోదామని తువ్వాలు కొంగులో బొరుగులు కట్టుకుని వచ్చాడు. బడి గేటు తీస్తుండగా పేలుడు వినిపించింది. వేపచెట్టు మీది కాకులన్నీ ఒక్కసారి లేచాయి. నేను కిటికీ దగ్గరికి పోయాను. పొగలోంచి ముగ్గురు వచ్చారు. మొహాలకు గుడ్డలు లేవు. ఎవరూ చెప్పరని వాళ్లకు ముందే తెలుసు. ముగ్గురిలో ఒకడు ఆరేళ్ల కిందట నా దగ్గరే ఏడో తరగతి చదివాడు. వాడు కొడవలి ఎత్తినవాడు ఎత్తినట్టే తల తిప్పి, కిటికీ ఊచల వెనక నన్ను చూశాడు. చూసి, బడిలో అలవాటైనట్టే, తల కొంచెం వంచాడు.

నేను కిటికీ మూశాను. పిల్లలు చూడకూడదని మూశానని ఇరవై ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. పిల్లలు అప్పటికే బెంచీలెక్కి చూసేశారు.

బయటికి వచ్చేసరికి వాళ్లు వెళ్లిపోయారు. గేటు దగ్గర తడి నేల మీద బొరుగులు తెల్లగా పరుచుకుని ఉన్నాయి. కొన్ని ఎర్రబడుతున్నాయి. వాటిని తొక్కకుండా నడవాలని చూశాను. ఆ క్షణంలో నాకు తోచింది అదొక్కటే. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

పోలీసులు వచ్చారు. తొమ్మిది మంది చూశామని చెప్పాం. ఆ వేడిలో చెప్పాం, నిజమే చెప్పాం. సాక్షి పోలీసులకిచ్చిన వాంగ్మూలం కింద సంతకం తీసుకోకూడదని అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 162వ సెక్షన్ చెప్పేది. ఏదో ఒకటి రాసి బలవంతంగా సంతకాలు పెట్టించకుండా మామూలు మనిషిని కాపాడటానికి పెట్టిన నియమం. ఆ కాగితం సాక్ష్యం కిందికి రాదు, సాక్షి కోర్టుకొచ్చి నోటితో చెప్పిందే సాక్ష్యం. ఈ సంగతి మాకు వివరించి చెప్పినాయన ఎవరో కాదు, మాలాగే చదువుకున్నాయన. “సంతకం లేదు గదా సారూ, భయపడొద్దండి” అన్నాడు. మా రక్షణకు పెట్టిన నియమాన్ని మేం పారిపోయే దారి చేసుకున్నాం.

మమ్మల్ని ఎవరైనా బెదిరించారా అని అడిగితే లేదు. ఒకరోజు సాయంత్రం ఒక మనిషి మా ఇంటికి వచ్చి మూటెడు ఉల్లిగడ్డలు దించి, అరుగు మీద కూర్చుని, “పిల్లలు బాగున్నారా సారూ? పాప కర్నూల్లోనే గదా సదువుతాండేది?” అని అడిగాడు. నీళ్లు తాగి వెళ్లిపోయాడు. అంతే. ఆ ఉల్లిగడ్డలు మేం వండుకుని తిన్నాం. ఇతరుల ఇళ్లకూ అలాగే ఏదో ఒకటి వచ్చింది. వచ్చిందని ఒకరికొకరం చెప్పుకోలేదు. చెప్పుకుని ఉంటే, తొమ్మిది మందిమీ ఒక గదిలో కూర్చుని ఉంటే, తొమ్మిది మందినీ ఏం చేయగలిగేవాళ్లు? ఆ ప్రశ్న మేం వేసుకోలేదు. ఎవరికి వారే తలుపులు మూసుకున్నాం.

2000లో ఊళ్లో రాజీ అయ్యింది. రెండు వర్గాల మీదా కేసులున్నాయి. కోర్టుల చుట్టూ తిరిగి రెండు ఇళ్లూ అప్పులపాలయ్యాయి. పత్తి వరసగా దెబ్బతీసింది. మా కేసులో మీవాళ్లు చెప్పొద్దు, మీ కేసులో మావాళ్లు చెప్పరు. మా ప్రాంతంలో రాజీ అంటే ఇదే. ఊరికి శాంతి వస్తుంది, వచ్చింది కూడా. ఆ పంచాయితీకి కాగితం రాయడానికి నన్ను పిలిచారు, సారు దస్తూరి బాగుంటుందని. ఇకమీదట ఊళ్లో అందరం కలిసిమెలిసి ఉంటామని గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాను. మొగుణ్ని పోగొట్టుకున్న మనిషిని ఆ పంచాయితీకి పిలవలేదు. పిలవాలని మాలో ఒక్కరికీ తోచలేదు. ఆమె కేసు ఆమెది కాకుండా పోయిందని ఆమెకు తెలిసింది కోర్టులోనే.

2001 సంక్రాంతి దాటిన తర్వాత మమ్మల్ని కోర్టుకు పిలిచారు. మొదటి సాక్షి నేను. పబ్లిక్ ప్రాసిక్యూటర్ అడిగాడు: ఆ రోజు ఏం చూశారు? “పేలుడు వినిపించింది. కిటికీ మూసేశాను. చూడలేదు సార్.” ఆయన జడ్జి గారి అనుమతి తీసుకుని నన్ను సొంత సాక్షిలా కాకుండా ఎదురు సాక్షిలా ప్రశ్నించాడు. మా వైపు దీన్ని అడ్డం తిరగడం అంటారు. పోలీసులకు చూశామని చెప్పలేదా? “చెప్పలేదు సార్.” నా తర్వాత ఎనిమిది మంది. ఒకాయన పొలంలో ఉన్నానన్నాడు, ఒకాయనకు చూపు ఆనదు. ఆమె గది చివర బెంచీ మీద, నెత్తిన కొంగు కప్పుకుని, చిన్నపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక్కొక్కరం బోను దిగి ఆమె పక్కనుంచే బయటికి నడిచాం.

ఊరికి బస్సు ఇంకా మూడు గంటలకు. మేం సినిమాకు పోయాం. ‘నరసింహనాయుడు’ ఆడుతోంది. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే ఈ వ్యాసం మొత్తం ఇంకో అబద్ధమవుతుంది. ఆ మధ్యాహ్నం నేను ఈల వేశాను.

1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’, తర్వాత ఇది, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’. సుమోలు గాల్లోకి లేస్తుంటే హాలు హాలంతా లేచి నిలబడేది. సినిమావాళ్లు సీమను కత్తుల సీమగా చూపించి అమ్ముకున్నారని తర్వాత మేమే సభలు పెట్టాం. నేనూ మాట్లాడాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ మాటలో నిజం ఉంది. అయితే అలా చూపించినప్పుడు టికెట్లు కొన్నది హైదరాబాదు వాళ్లొక్కరే కాదు. మా పక్కవీధిలో మనిషి పోతే మూడు లైన్ల వార్త కూడా చదవనివాళ్లం, తెరమీద అదే చావును పండగ చేసుకున్నాం. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ లాంటివాళ్లు సీమ మనిషి బతుకు గురించి కథలు రాస్తూనే వచ్చారు. వాటిని కొని, చదివి, బాగున్నాయని ఉత్తరాలు రాసి, అల్మరాలో సర్దుకున్నాం. 2018లో ‘అరవింద సమేత’ వచ్చి ఫ్యాక్షన్‌లో మిగిలిపోయిన ఆడవాళ్ల గోడు చెబితే, ఎంత బాగా చెప్పాడని మెచ్చుకున్నాం. ఆ ఆడవాళ్లెవరో మాకు తెలియనట్టు.

‘సమరసింహారెడ్డి’, ‘నరసింహనాయుడు’ వచ్చిన ఆ రెండు సంక్రాంతుల మధ్య కార్గిల్ వచ్చింది. 1999 వేసవిలో జెండా కప్పిన పెట్టెలు రోజూ టీవీలో కనిపించేవి. మన దేశం లెక్క ప్రకారం 527 మంది పోయారు. బడి తెరవగానే మేం సిపాయిల కుటుంబాలకు చందా వసూలు చేశాం. రోజూ ప్రార్థన అయ్యాక అమరుల గురించి, వాళ్ల భార్యల గురించి, తండ్రి లేని పిల్లల గురించి చెప్పేవాణ్ని. చెబుతూ నాకే గొంతు పట్టుకునేది. ఒకరోజు ఆ పిల్లవాడు, అప్పటికి మూడో తరగతి, రూపాయి బిళ్ల తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. చేతి చెమటకు బిళ్ల వెచ్చగా ఉంది. నేను అందరి ముందూ వాణ్ని మెచ్చుకుని చప్పట్లు కొట్టించాను. రసీదు రాసిచ్చాను. ఆ రూపాయి వాడికి ఎక్కడిదని అడగలేదు. ఇంట్లో పొయ్యి వెలుగుతోందా అని అడగలేదు. ఆ ఇల్లు బడికి ఎంత దూరమో మీకు చెబితే నమ్మరు. మా హెడ్మాస్టరు దగ్గితే వినిపించేంత దూరం.

కేసు కొట్టేశారు. ఆమె ఇంకొన్నాళ్లు ఊళ్లోనే ఉంది. పెద్దమనిషి ఇంట్లో పని ఆగిపోయింది. రాజీ అయ్యాక ఆమెను చూడటం వాళ్లకూ ఇబ్బందే అయ్యుంటుంది. తర్వాత సుగ్గికి పోవడం మొదలుపెట్టింది. పడమటి కర్నూలువాళ్లకు ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. చేలల్లో పని అయిపోగానే ఊళ్లకు ఊళ్లు మూటలు కట్టుకుని గుంటూరు మిరపచేలకు పోతాయి, ముసలివాళ్లు మాత్రం ఇళ్లకు కాపలా ఉంటారు. పిల్లలను వెంటబెట్టుకుపోయింది. పిల్లవాడు ఐదో తరగతి నడుమలో మానేశాడు. రిజిస్టరులో ఆ పేరు ఎదురుగా ‘లాంగ్ ఆబ్సెంట్’ అని ఎర్ర ఇంకుతో రాసింది నేనే. చట్టం తెలిసిన సోషల్ టీచర్ని, వాణ్ని వెతుక్కుంటూ పోలేదు. వాడు కనిపించకపోతే నాకు హాయిగా ఉండింది.

తప్పించుకోవడానికి మాకో వాదన ఉండేది. అందరూ ఇలాగే చేస్తారు, ఇక్కడ ఇంతే. దేవనకొండ మండలం కప్పట్రాళ్ల ఆ వాదనను మా చేతుల్లోంచి లాగేసింది. 2008 మే నెలలో ఆ ఊరి నాయకుడితో పాటు మొత్తం పదకొండు మందిని చంపేశారు. 2014 చివర్లో ఆదోని కోర్టు ఆ కేసులో పలువురికి యావజ్జీవ శిక్ష విధించింది. తర్వాత జిల్లా ఎస్పీగా ఉన్న ఆకే రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకుని, బడి, రోడ్లు, పనులు అంటూ తిరిగారు. మగవాళ్లు కొందరు నేలపాలై, కొందరు జైలుపాలై, ఆడవాళ్లే సేద్యాలు ఎత్తుకున్న ఊరది. శిక్ష పడిందన్న వార్త చదివిన రోజు నేను చాలాసేపు పేపరు మడవలేదు. కోర్టులో మాట నిలబడే అవకాశం ఉందన్నమాట. మాకన్నా ఎక్కువ భయం ఉన్న ఊరు అది.

2018 డిసెంబరులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించింది. ప్రాణభయం ఉన్న సాక్షి దరఖాస్తు పెట్టుకుంటే రక్షణ ఇవ్వాలి, అవసరమైతే పేరు దాచాలి, చోటు మార్చాలి. మంచిదే. నేను దాన్ని పిల్లలకు పాఠంగా చెప్పాను. మా రోజుల్లో అది ఉండి ఉంటే నేను చెప్పేవాణ్నా అని ఇంటికొచ్చి ఆలోచించాను. నిజాయితీగా చెబుతున్నాను, చెప్పేవాణ్ని కాను. నా భయం ప్రాణం గురించి ఒక్కటే అయితే పథకం సరిపోయేది. ఊళ్లో నలుగురితో చెడకూడదు, సంతలో ఎదురైతే మొహం తిప్పుకోకూడదు, పండక్కి భోజనానికి పిలవాలి, సారు మంచోడు అనాలి. అదీ నా భయం. ఆ ముగ్గురిలో నా పాత శిష్యుడు ఇప్పటికీ నేను రోడ్డు మీద కనిపిస్తే బండి ఆపి, చెప్పులు విడిచి దండం పెడతాడు. నేను చేయెత్తి దీవిస్తాను.

2021లో మా అమ్మాయి పెళ్లి కుదిరింది. చీరలు మగ్గం దగ్గరే తీసుకుందామని కోడుమూరులో ఒక నేతాయన ఇంటికి పోయాం. ఆయన గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. మూలన రాట్నం దగ్గర ఒక ముసలామె కండెలు చుడుతోంది, కూలికి. టీవీ మోగుతోంది. “బాగుండారా సారూ?” అందామె. ముందు గొంతు గుర్తుపట్టాను, తర్వాత మనిషిని. ఆమె నాకన్నా చిన్నది. ముసలామె అనుకున్నందుకు లోపల ఏదో కలుక్కుమంది. మా ఆవిడ చీరలు తిరగేస్తోంది. టీవీలో ‘కంచె’. ఊరు రెండుగా చీలి కర్రలు పట్టుకుని కొట్టుకునే ఘట్టం. రాట్నం ఆగింది. ఆమె తెర వైపే చూస్తూ, నావైపు తిరక్కుండా అడిగింది.

“ఇంతమంది సూస్తాండారు గదా సారూ. రేపు కోర్టులో ఎవరన్నా సెప్తారా?”

నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: “అది సినిమా కదమ్మా.”

“సినిమానే లే సారూ. ఊరికే అడిగితి.”

రాట్నం మళ్లీ తిరిగింది. మా ఆవిడ రెండు చీరలు తీసింది. బేరం ఆడకుండా డబ్బులిచ్చి వచ్చేశాను.

ఆమె అడిగినదాని గురించి, ఆ దసరాకు నాతో సినిమాకు వచ్చిన ఇద్దరు సాక్షులతో మాట్లాడదామనుకున్నాను. ఒకాయన కరోనాలో పోయాడు. ఇంకొకాయన ఫోన్లో చాలాసేపు మౌనంగా ఉండి, “ఇరవై ఏళ్లయింది, పుండును ఎందుకు కెలుకుతావు, ఆమె మరిచిపోయింటాది” అన్నాడు. నాకు తెలిసిన లాయరును అడిగాను. విచారణ జరిగి నిర్దోషులని విడుదలైన మనుషుల మీద అదే నేరానికి మళ్లీ కేసు నడపడం కుదరదు, చట్టం ఒప్పుకోదు అన్నాడు. “ఇప్పుడు మీరు చెప్పి ప్రయోజనమేముంది?” అన్నాడు. అందరూ నామీద దయతోనే అన్నారు. ఆ దయ చాటున ఇంకో నాలుగేళ్లు గడిపాను.

2025 మే 9న సరిహద్దులో పాకిస్తాన్ కాల్పుల్లో మురళీ నాయక్ ప్రాణాలు కోల్పోయాడు. మన సీమ బిడ్డ, గోరంట్ల మండలం కల్లి తండా. కూలిపని చేసి పెంచిన తల్లిదండ్రులు. పెట్టె వచ్చిన రోజు తండా చుట్టూ దారులన్నీ జనం. ఆ తల్లి ఏడుస్తుంటే టీవీ ముందు నేనూ ఏడ్చాను. ఆ ఏడుపును నేను తప్పుపట్టుకోను, ఆ బిడ్డకు అంత గౌరవమూ దక్కాల్సిందే. కానీ ఆ రాత్రి పడుకోలేకపోయాను. తెల్లారి బడికి సెలవులే కాబట్టి, నేరుగా ఆ నేతాయన ఇంటికి పోయాను. ఆమె కళ్లు వాచి ఉన్నాయి. “ఆయమ్మ కడుపు కాలిపాయె సారూ” అంది. రాత్రంతా టీవీ చూసిందట.

బయట అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాను. వంకరటింకరగా చెప్పాను, రోజూ పాఠాలు చెప్పే నోరు ఆ రోజు తడబడింది. “అమ్మా, ఆ రోజు నేను చూశాను. ముగ్గురినీ చూశాను. కోర్టులో అబద్ధం చెప్పాను.”

ఆమె ఆశ్చర్యపోలేదు.

“తెలుసు సారూ. మావోడు ఆపొద్దే సెప్పినాడు, సారు కిటికీ కాడ నిలబడుకోని ఉండె అని.”

వాడు చూశాడు. వాళ్ల నాన్నను చూశాడు, నన్నూ చూశాడు. ఆ తర్వాత రెండు మూడేళ్లు నా ఎదురుగా బెంచీలో కూర్చుని నేను చెప్పింది రాసుకున్నాడు. కార్గిల్ రూపాయి తెచ్చి నా చేతిలో పెట్టినప్పుడు వాడికి తెలుసు. రసీదు మడిచి జేబులో పెట్టుకున్నప్పుడు తెలుసు. ఊరంతా పెద్దవాళ్లం కలిసి దాచిపెట్టామనుకున్నది ఏడేళ్ల పిల్లవాడి దగ్గర మొదటి రోజు నుంచీ ఉంది. వాడొక్కడే సాక్షిగా మిగిలాడు, వాణ్ని ఎవరూ పిలవలేదు. ఇప్పుడు బెంగళూరులో తాపీ పని చేస్తున్నాడట. బాగున్నాడా అని అడిగాను. “ఉండాడు సారూ. మాటలు తక్కువ” అంది.

నెల తర్వాత మళ్లీ పోయాను. నాలుగు ఠావుల కాగితం తీసుకుపోయాను. రాజీ కాగితం రాసిన దస్తూరితోనే రాశాను. తేదీ, గంట, నేను నిలబడ్డ చోటు, ఎవరు ఎటునుంచి వచ్చారు, ఎవరి చేతిలో ఏముంది, కోర్టులో నేనేం చెప్పాను, ఎందుకు చెప్పాను. కింద సంతకం పెట్టాను, తండ్రి పేరుతో సహా. దానికి కోర్టులో విలువ లేదని ఆమెకు ముందే చెప్పాను. “సదవండి సారూ” అంది. ఇంట్లో మగ్గం ఆపించి చదివాను. ఆమె కళ్లు మూసుకుని వింది. పేర్లు వచ్చిన చోట చెయ్యి ఎత్తింది. “పేర్లు గట్టిగా సదవాకండి. వాళ్లకూ పిల్లోళ్లున్నారు.” పేర్లు మెల్లగా చదివాను. అయిపోయాక కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“బొరుగులు తెచ్చిండె గదా సారూ, పిల్లోనికి. అది రాసినారా?”

రాయలేదు. కాగితం వెనక్కి తీసుకుని, సంతకానికి పైన మిగిలిన కాస్త జాగాలో రాశాను. ఆమె దాన్ని మడిచి, రేషన్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, రాట్నం దగ్గరికి పోయి కూర్చుంది.